ముందు కూలర్ చూడు, తర్వాతే హెడ్డు

లారీ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ పోయినప్పుడు, హెడ్ పాకింగ్ పోయిందని పొరబడకుండా అసలు జబ్బు పట్టుకోగలిగినవాడే నా లెక్కలో మేస్త్రీ. మిగతావాళ్లు పానాలు తిప్పేవాళ్లు. బేతంచెర్ల, డోన్, బనగానపల్లె షెడ్లలో అలాంటి మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

కూలర్ అంటే పెద్ద వస్తువేం కాదు. పలుచని లోహపు పలకలు. లోపల ఇంజిన్ ఆయిలు, బయట రేడియేటర్ నీళ్లు. ఆయిలు వేడిని నీళ్లు లాక్కుపోతాయి. 1993లో టాటా కమిన్స్ కంపెనీ పుట్టాక మన రోడ్లమీద నిండిపోయిన సిక్స్ బీటీ ఇంజిన్‌లో అది ఫిల్టర్ హెడ్డు వెనకాల బ్లాకులోనే ఒదిగి ఉంటుంది. నేను మాత్రం లేలాండ్ మనిషిని. అయినా కూలర్ పోతే ఏ బండికైనా గతి ఒకటే.

ఈ నేలమీద అది తొందరగా పోవడానికి కారణం కాళ్ల కిందే ఉంది. ఇక్కడంతా సున్నపురాయి. బండలుగా కోసి హైదరాబాదుకు లోడెత్తేదీ అదే, సిమెంటు ఫ్యాక్టరీలకు పోయేదీ అదే, బోరు నీళ్లలో కరిగి రేడియేటర్‌లో చేరేదీ అదే. కూలెంట్‌కు డబ్బులెందుకని డ్రైవర్లు ఆ నీళ్లే పోస్తారు. కూలర్ పలకలమీద సున్నం పొర కడుతుంది, ఆ పొర కింద తుప్పు తింటుంది, ఒకరోజు సూదిమొనంత బెజ్జం పడుతుంది.

ఇక జబ్బు పట్టే విద్య. బండి నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్లుంటే, నీళ్ల ప్రెషర్ 1 బార్ చుట్టూ ఉంటుంది. కాబట్టి ఆయిలే నీళ్లలోకి దూరుతుంది. రేడియేటర్ మూత తీస్తే గోధుమరంగు జిడ్డు. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అవుతుంది గానీ కాగిన నీళ్లలో ఒత్తిడి మిగిలే ఉంటుంది. అప్పుడు నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. బెజ్జం చిన్నదైతే ఆ రెండోది జరగకపోవచ్చు. అలాంటి బండే వస్తే ఒక పెద్ద మేస్త్రీ జిడ్డు చూసి, ఆయిల్ గేజి కడ్డీ తీసి చూసి, ఆ ఆయిలు రెండు చుక్కలు కాగిన రేకుమీద వేశాడు. నీళ్లుంటే చిటపటమనాలి. అనలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి రేడియేటర్‌లోకి తొంగిచూశాడు. హెడ్ పాకింగ్ పోయి ఉంటే గ్యాసు బుడగలు రావాలి. లేవు. "నీళ్లల్లో ఆయిలుండాది, ఆయిల్లో నీళ్లు ల్యావు, గ్యాసు రాలేదు. హెడ్డు జోలికి పోవద్దప్పా, కూలర్ ఇప్పు" అన్నాడు. విప్పి, ఒక రంధ్రం మూసి, రెండో రంధ్రంలో గాలి పెట్టి, వేన్నీళ్ల తొట్లో ముంచితే ఒక మూల నుంచి సన్నగా బుడగల వరస లేచింది. హెడ్డు దించే ఖర్చు యజమానికి తప్పింది!

ఆయిల్లో నీళ్లు చేరి అది పాలు ఎక్కువైన టీలా మారి ఉంటే పని ఇంకా పెద్దది. రాత్రంతా కదిలించకుండా ఉంచి పొద్దున, కింద ఆయిలు నిలిచే చాంబర్ బోల్టు వదులు చేస్తే, కలవని నీళ్లు ముందు కారతాయి. చాంబర్ దించి క్రాంక్ బేరింగులు చూడకుండా కొత్త ఆయిలు పోసేవాడిని నమ్మకండి. థర్మోస్టాట్ తీసేసి, రేడియేటర్‌లో సబ్బుపొడి వేన్నీళ్లు పోసి ఇంజిన్ నడిపి, జిడ్డు పోయేదాకా కడగాలి. ఆయిలు తాగి ఉబ్బిన రబ్బరు గొట్టాలు మార్చాలి. చివర ఫిల్టర్ నింపి, స్టాప్ కేబుల్ లాగిపట్టుకొని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఆ కాసేపు ఓపిక పట్టకుంటే ముందు పోయేది టర్బో బేరింగే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. రేడియేటర్ లీకుకు పసుపు వేసే అలవాటు కూలర్‌కూ పట్టించారు. లోపల కారే ఆయిలు పసుపుతో ఆగదు, మిగిలిన దారులు కూడా పూడుకుపోతాయి. కొందరు కూలర్‌నే తప్పించి గొట్టం కలిపేస్తారు. ఖాళీ బండిని షెడ్డుదాకా తెచ్చుకోవడానికైతే సరే, ఎండాకాలం బండల లోడుతో అలా పంపడం ఇంజిన్‌ను చంపడమే. పాకింగ్ బదులు పేస్టు గుమ్మరిస్తే ఆ ముక్కలు ఊడి పిస్టన్‌కు ఆయిలు చిమ్మే నాజిళ్లలో ఇరుక్కుంటాయి. ఇక డూప్లికేట్ కూలర్లు! పెట్టెమీద అచ్చు కంపెనీ అక్షరాలే, లోపల అతుకు సరిగా కాలని పలకలు. సగం ధరకు కొన్న యజమాని ఇంజిన్ మొత్తం మళ్లీ కట్టించుకుంటాడు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ పొగ నియమాలు వచ్చాక షెడ్లకు పని తగ్గింది. కుర్రాళ్లు స్కానర్ చూపిన కోడ్ చదివి ఆగిపోతున్నారు. కోడ్ ఆయిల్ ప్రెషర్ తగ్గిందని చెబుతుంది గానీ, రేకుమీద చుక్క వేసి చూడమని చెప్పదు.

లారీ యజమానులారా, ఫ్యాక్టరీ పెద్దలారా, విప్పిన పనికే కాదు, విప్పనక్కర్లేదని చెప్పిన మాటకూ కూలి ఇవ్వండి. బేతంచెర్లలో ఒక షెడ్డులోనైనా గాలి పరీక్ష సరంజామా కొని పెట్టండి. డ్రైవర్ చేతికి డబ్బా కూలెంట్, క్యాను డిస్టిల్డ్ వాటర్ ఇచ్చి పంపండి. పెద్ద మేస్త్రీల దగ్గర ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి జీతం మీరివ్వండి, ఈ ఎండాకాలం రాకముందే.