దిగువకి పడవ, ఎగువకి రైలు

పడవ మెట్లు దిగుతుందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కృష్ణా పడమటి డెల్టాలో ఒకప్పుడు అది రోజూ జరిగిన పనే. ఆ మెట్టు పేరు లాకు. ‘దుగ్గిరాల లాకుల దగ్గర ఆపు’ అని ఆటోవాడికి చెప్పేవాళ్లలో అసలు లాకు ఏం చేస్తుందో తెలిసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. షట్టర్లు, వాటి మీద వంతెన, పక్కన టీ బడ్డీ కలిపి లాకులనుకుంటాం.

సంగతి ఇదీ. కాలువ వాలులో పారాలి, పడవేమో సమంగా ఉన్న నీటి మీద నడవాలి. అందుకని వాలునంతా ఒకచోట పోగుచేసి, అక్కడ రాతిగోడల మధ్య ఒక నీటి గది కడతారు. దానికి ఎగువన రెండు తలుపులు, దిగువన రెండు తలుపులు. దిగువకి పోయే పడవ నిండుగా ఉన్న గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. దిగువ తూములు ఎత్తితే గదిలో నీరు తగ్గుతూ ఉంటుంది, దానితోపాటే పడవా కిందికి దిగుతుంది. లోపలి మట్టం, బయటి మట్టం ఒకటయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. ఇంజను అక్కర్లేదు. రెండు రెక్కలూ నీటికి ఎదురుగా మొన తేలి కలుస్తాయి కాబట్టి నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. మట్టంలో బెత్తెడు తేడా ఉన్నా ఎంత కండగలవాడికైనా ఆ తలుపు లొంగదు. మట్టాలు కలిశాయంటే ఇద్దరు మనుషులు చాలు. తొందర పడినందువల్ల ఏ ప్రయోజనమూ లేని పని లోకంలో ఏదైనా ఉంటే అది లాకు దాటడమే. నాకు ఈ విద్య మీద మోజు అందుకే.

ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం కెప్టెన్ చార్లెస్ ఓర్ బెజవాడ దగ్గర ఆనకట్టను 1852లో మొదలుపెట్టి 1855కల్లా పూర్తి చేయించాడు. నీళ్లు పొలాలకి, పడవలు బజార్లకి అన్నది కాటన్ లెక్క. కాకినాడలో ఎక్కిన సరుకు ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, ఆనకట్టకు ఎగువన నదిని అడ్డంగా దాటి సీతానగరం వైపు కాలువలో పడేది. దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువ పట్టి, సంగం జాగర్లమూడి, కాకుమాను మీదుగా బాపట్లను తూర్పున వదిలేసి పెదగంజాం దాకా పోతే అక్కడ బకింగ్‌హాం కాలువ. ఇక మద్రాసు దాకా సముద్రం పక్కనే ప్రయాణం. ఇటునుంచి బియ్యం పోయేది, ఉప్పూ సరుగుడు కట్టెలూ కూడా ఆ దారినే పడవల్లో నడిచేవి. చినగంజాం ఉప్పుకొటార్లు నేటికీ ఉన్నాయి. ఆ కాలువ ఒడ్డున పడవలే లేవు.

ఇంగ్లండులో లాకు దాటిన ప్రతి పడవా ఒక గదెడు నీళ్లు దిగువకి వదిలేస్తుంది. పైన ఆ నీళ్లు మళ్లీ ఎక్కడినుంచి తేవాలన్నది అక్కడి ఇంజనీర్ల తలనొప్పి. మనకా బెంగ లేదు. ఆ గదెడు నీళ్లూ కింది ఊళ్ల వరిచేలకి ఎలాగూ పోవలసినవే. మన ఇబ్బంది వేరు. సాగుకి నీరు పారాలి, పారే నీటికి ఎదురెక్కడం పడవకి కష్టం. దిగువకి పోయేటప్పుడు సరంగు చుక్కాని పట్టుకుని చుట్ట కాల్చుకుంటాడు. ఎగువకి వచ్చేటప్పుడు మనుషులు కట్ట మీద నడుస్తూ భుజానికి తాడేసుకుని లాగాలి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ. రాదారి పడవలో కాళ్లు చాపుకుని పేకాడుకున్నవాడి తీరికంతా ఆ తాడు లాగినవాడి చెమటే. పాతకాలపు పడవ ప్రయాణాల గురించి మురిసిపోయేవాళ్లు ఈ ముక్క చెప్పరు, మా నాయనమ్మతో సహా. ఆవిడ గుర్తులన్నీ పులిహోర మూటల చుట్టూనే తిరిగేవి.

రైలు వచ్చాక ఆ ఎదురీత ఎవరికి కావాలి? 1899కల్లా బెజవాడ, మద్రాసు మధ్య పట్టాలు కలిశాయి. రైళ్ల కంటే కాలువలే ఈ దేశానికి మేలని బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించిన కాటన్ ఆ ఏడాదే పోయాడు. 1916లో రేపల్లెకీ రైలు వచ్చింది. తరవాత బస్సులు, లారీలు. పడవలు పోయాయని తెలుసుకుని కాబోలు, వంతెనలు కట్టేవాళ్లు ఎత్తు గురించి ఆలోచించడం మానేశారు.

తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అన్న బిరుదు ఊరి మధ్య పారే మూడు కాలువల వల్లే వచ్చిందంటారు. తూర్పు కాలువ, పడమర కాలువ, నిజాంపట్నం కాలువ. బిరుదు చెప్పుకునేటప్పుడు ఛాతీ విరుస్తాం, వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకుంటాం. గుర్రపుడెక్క ఒకపక్క, ఇళ్లనుంచి వచ్చే మురుగు ఒకపక్క. అయినా వర్షాకాలంలో కాలువలు వదిలాక నాలుగు రోజులు నీళ్లు ఎర్రగా, నిండుగా సాగుతుంటే నేను సైకిలాపి నిలబడతాను. 2015 నుంచి పట్టిసీమ మోటార్లు గోదావరి నీళ్లని ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో కలుపుతున్నాయి. కాబట్టి ఇప్పుడు తెనాలి గట్టు మీద నిలబడ్డవాడు ఏ నది నీళ్లు చూస్తున్నాడో తేల్చి చెప్పలేడు.

లాకుల దగ్గర ఒక లస్కరును అడిగాను, పడవలకి తలుపులు తీసిన రోజులు గుర్తున్నాయా బాబాయ్ అని.

“నాకా? మా నాన్న చెబితే విన్నానండీ. ఇప్పుడు మాకు పడవ సంగతి కాదు, కింది రైతులు ఫోను చేస్తే ఎన్ని అంగుళాలు ఎత్తామన్నదే సంగతి.”

2008లో కాకినాడనుంచి మద్రాసు దాకా పోయే ఈ పడవ దారిని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. అందులో కొమ్మమూరు వాటా 113 కిలోమీటర్లు. పెద్ద బార్జీలు నడవాలంటే లాకులు వెడల్పు చెయ్యాలి, వంతెనలు ఎత్తాలి, కాలువ లోతు చెయ్యాలి. నా మటుకు నాకు బార్జీల మీద ఆశ లేదు. అలెప్పీలో బియ్యం మోసిన పడవలే ఇళ్ల పడవలై బతుకుతున్నాయి కదా అనేవాళ్లున్నారు. అక్కడ నీరు సమంగా నిలిచి ఉంటుంది, మనది పారే నీరు. ఆ నమూనా ఇక్కడ తెచ్చి అతికిస్తే పడవ ఒడ్డున కట్టేసి అందులో బిర్యానీ తినడమే అవుతుంది.

నేను అడిగేది చిన్నది. దుగ్గిరాలనుంచి తెనాలి దాకా నిజాంపట్నం కాలువ మీద ఒక నాటు పడవ. ఆగస్టునుంచి సంక్రాంతి దాకా, ఆదివారాలు మాత్రమే. దిగువకే పోవాలి, ఎవరి భుజానికీ తాడు పడకూడదు. రెండు ఊళ్లకీ రైల్వే స్టేషన్లున్నాయి, జనం రైల్లో వెనక్కి వస్తారు, పడవ ట్రాక్టరు మీద వస్తుంది. ముందు చెయ్యాల్సిన పని మాత్రం పడవ కొనడం కాదు. కాలువ నిండుగా ఉన్న రోజున ఒక మనిషి టేపు పట్టుకుని ప్రతి వంతెన కిందా నీటికీ దూలానికీ మధ్య ఎంత జాగా ఉందో కొలిచి రాసుకోవాలి. కూచున్న మనిషి తల తగలకుండా పోతే సరే. తగిలే వంతెన ఒక్కటున్నా అక్కడ దిగి, కట్ట మీద నడిచి, అవతల ఇంకో పడవ ఎక్కాలి. దానికీ నాకు అభ్యంతరం లేదు.