హార్డీ గ్రంథంలో ప్రధాన సంఖ్యలు

జి. హెచ్. హార్డీ 1940లో ప్రకటించిన 'ఎ మాథమెటీషియన్స్ అపాలజీ' అనే చిన్న గ్రంథంలో ప్రధాన సంఖ్యలకు దక్కినవి కొద్ది పుటలే. అయినా గణితంలోని సౌందర్యాన్ని సామాన్యులకు చూపడానికి ఆయన మొట్టమొదట ఎన్నుకొన్న ఉదాహరణ అదే. ఆ ప్రయత్న మెంతవరకు సఫలమైనదో పరిశీలింపదగినది.

తనకంటె చిన్న సంఖ్యల లబ్ధంగా విడదీయడానికి వీలులేని సంఖ్య ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 ఇటువంటివి. విడదీయడానికి వీలైనది సంయుక్త సంఖ్య. హార్డీ 666ను 2×3×3×37గా విడదీసి, గుణకారంచేత సంఖ్యలను నిర్మించడానికి ప్రధాన సంఖ్యలే ముడిసరుకని తెల్పుతాడు. ఇంత క్లుప్తంగా బోధపరచడం ప్రశంసనీయం.

కాని 1ని ప్రధాన సంఖ్యగా ఎందుకు లెక్కింపరాదో ఆయన వివరించలేదు. సాంకేతిక కారణాలున్నవని పుట అడుగున ఒక మాట వ్రాసి ఊరుకొన్నాడు. ఆ కారణం పాఠకునికి అందనిదేమీ కాదు. 12ను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే 2×2×3 ఒక్కటే వస్తుంది. వరుస మారవచ్చును గాని కారణాంకాలు మారవు. 1ని కూడా చేర్చుకొంటే 1×2×2×3, 1×1×2×2×3 అని అంతులేని రీతులు పుట్టుకువస్తాయి. విభజన ఒకే విధమన్న మూలసిద్ధాంతం చెడిపోతుంది.

ప్రధాన సంఖ్యలకు అంతు లేదన్న యూక్లిడ్ ఉపపత్తిని హార్డీ పరోక్ష పద్ధతిలో చెప్పాడు. అంటే, ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ఇవే అనుకొని వైరుధ్యాన్ని రాబట్టాడు. 'ఎలిమెంట్స్' 9వ భాగం 20వ ప్రతిపాదనలో యూక్లిడ్ అట్లా మొదలుపెట్టలేదు. ఏవేని కొన్ని ప్రధాన సంఖ్యలను తీసుకొంటే, వాటిలో లేనిది మరొకటి తప్పక ఉంటుందని చూపాడు. ఈ భేదం స్వల్పం కాదు. లబ్ధానికి 1 కలిపితే వచ్చేది ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యే అని విద్యార్థులు పొరబడుతూ ఉంటారు. 2, 3, 5, 7, 11, 13ల లబ్ధానికి 1 కలిపితే 30031. ఆ ఆరింటిలో దేనితో భాగించినా శేషం 1. అయినా అది ప్రధాన సంఖ్య కాదు, 59×509. జాబితాలో లేని ప్రధాన సంఖ్యలు ఇక్కడ ఈ రెండు. వచ్చిన సంఖ్య ప్రధానం కాకపోవచ్చునని హార్డీ జాగ్రత్తగానే అన్నాడు. ఈ ఒక్క ఉదాహరణ చేర్చి ఉంటే పొరపాటుకు తావుండేది కాదు.

సంఖ్యాశాస్త్రం యుద్ధానికి పనికివచ్చే సూచన లేదనీ, కనుక అది నిరపాయకరమనీ ఆయన సంతోషించాడు. హార్డీ 1947లో మరణించాడు. 1977లో రివెస్ట్, షామిర్, ఏడిల్‌మన్ అనేవారు ప్రధాన సంఖ్యల ఆధారంగా గూఢలిపి పద్ధతిని కనుగొన్నారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులభం. లబ్ధాన్నిబట్టి వాటిని తిరిగి పట్టుకోవడం అతి కష్టం. రహస్యాన్ని కాపాడేది ఆ కష్టమే. అది వర్తకుని రహస్యమా, సైన్యాధిపతి రహస్యమా అని సంఖ్యలు అడగవు.

కనుక నిరపాయకరమన్న వాదం నిలువలేదు. సౌందర్యాన్ని గురించిన వాదం మాత్రం చెక్కుచెదరలేదు. అది ఏనాడూ ఉపయోగాన్ని గాని, నిరుపయోగాన్ని గాని ఆశ్రయించలేదు.