ఇష్టమైన నవల, గొప్ప నవల

ఇష్టమైన నవల ఏదని అడిగితే పాఠకులు తలకొక పేరు చెబుతారు. రుచులు భిన్నాలు గనుక అందులో వాదానికి తావు లేదు. కాని గొప్పతనానికి ఇష్టమొక్కటే కొలబద్ద కాజాలదు. రచయిత తన అభిప్రాయం కోసం పాత్రను బలిపెట్టని చోటనే నవల ఉన్నతమవుతుంది. ప్రేమ్‌చంద్ హిందీ నవల ‘గోదాన్’ ఇందుకు నిదర్శనం.

1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు ఆయన అధ్యక్షుడు. ఈ నవల వెలువడినదీ ఆ సంవత్సరమే. అట్టి సంస్కరణాభిలాషి చేతిలో రైతు హోరీ తిరుగుబాటుదారు కావలసింది, కాలేదు. తన ఆవుకు విషం పెట్టిన తమ్ముణ్ణే కాపాడజూస్తాడు. అప్పుల్లో కూరుకుపోయి, కంకర తవ్వే కూలిపనిలో వడదెబ్బ తిని కన్నుమూస్తాడు. పురికొస అమ్మగా వచ్చిన ఇరవై అణాలను భార్య ధనియా అతని చల్లబడిన చేతిలో ఉంచి, ఎదుటనున్న పురోహితునితో అదే గోదానమని చెప్పి కూలిపోతుంది. ఆ పురోహితుడే వారికి అప్పిచ్చినవాడు కూడా. రచయిత దీనిపై వ్యాఖ్యానించడు. కథను అక్కడే ముగిస్తాడు.

ఇదే నవలలో పట్టణవాసి ఆచార్య మెహతా దీర్ఘోపన్యాసాలకు దిగిన చోటులలో కథ సడలుతుంది. మెహతా వాదాలతో విభేదించే పాఠకుడు సైతం హోరీ మరణాన్ని కాదనలేడు.