లాగడం అర నిమిషం

సంక్రాంతి వెళ్లాక నా దగ్గరికి వేళ్లు వస్తాయి. ఊళ్లలో వాలీబాల్, కబడ్డీ పోటీలు ముగిసే రోజులు. అందరిదీ ఒకటే మాట: "జారింది సార్, అక్కడే లాగేశారు. ఇప్పుడు బానే ఉంది."

ఆ "బానే ఉంది"ని ఒకసారి నేనూ నమ్మాను. డిగ్రీ చదివే కుర్రాడు. నెట్ దగ్గర ఉంగరపు వేలు జారితే సీనియర్ లాగి సరిచేశాడట. ఎక్స్‌రేలో ఎముకలు వరుసలోనే ఉన్నాయి. పక్కవేలితో జతచేసి టేపు చుట్టి పంపేశాను. ఆరు వారాలకు తిరిగొచ్చాడు. నడిమి కణుపు వంగిపోయింది, కొస కణుపు వెనక్కి విరుచుకుంది.

నడిమి కణుపు చాలాసార్లు గోరు వైపుకే జారుతుంది. అప్పుడు తెగేది అరచేతి వైపున్న గట్టి పొర. కీలు నిలకడగా ఉంటే జంట టేపు వేసి త్వరగా కదిలించడమే మందు. ఎప్పుడో ఒకసారి అరచేతి వైపుకు జారుతుంది. అప్పుడు వేలిని చాపే స్నాయువు తెగొచ్చు. దానికి ఆ ఒక్క కణుపునే ఆరు వారాల పాటు చాపి ఉంచే బద్ద కావాలి. వేలు ఎటు జారిందో నేను ఆ కుర్రాణ్ణి అడగనే లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న అదే. తర్వాత బల్ల అంచు మీద వేలిని నడిమి కణుపు దగ్గర వంచి, నా వేలితో అడ్డుపెట్టి చాపమంటాను. కొస మెత్తగా వేలాడితే మంచిదే. బిగుసుకుందంటే లోపల స్నాయువు తెగినట్టే అనుకోవాలి.

జారిన వేలితోనే వస్తే ఎక్స్‌రే తీసి, వేలి మొదట్లో మత్తు సూది వేస్తాం. గోరు వైపుకు జారినదాన్ని ఊరికే గుంజం. కాస్త వెనక్కి వంచి, జారిన ఎముక మొదలును ముందుకు నెడతాం. ఒకటి రెండుసార్లకు కూర్చోకపోతే ఆపేయాలి. మధ్యలో ఆ పొరే ఇరుక్కుని ఉండొచ్చు. ఎంత లాగినా రాదు, ఆపరేషన్ చేయాల్సిందే.

ఆ తర్వాతిదంతా ఓపిక పరీక్ష. ఆటగాడు నాలుగోరోజే టేపు పీకేస్తాడు. వాళ్లమ్మ రెండు నెలలైనా కట్టు విప్పనివ్వదు. మొదటిదానికి కీలు వదులు, రెండోదానికి బిగుతు. వాపు మాత్రం నెలల తరబడి పోదని ఇద్దరికీ ముందే చెబుతాను.

ఆ కుర్రాడి వేలు చాలావరకు తిన్నబడింది, పూర్తిగా కాదు. ఇప్పుడతను పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మొన్న పండక్కి ఒక ఫొటో పంపాడు. ఎవరిదో చిటికెనవేలు, ఎటు జారిందో స్పష్టంగా కనబడుతోంది. కింద ఒక్క ముక్క: "లాగలేదు సార్, తీసుకొస్తున్నాం."