కొండకెళ్లే పిల్లల సంచిలో

ఎండాకాలం సెలవులొస్తే పిల్లల కోసం ‘సర్వైవల్ కిట్’ల అమ్మకాలు మొదలవుతాయి. దిక్సూచి, విజిల్, టార్చి, తాడు, చిన్న కత్తి, నిప్పు రాజేసే కడ్డీ, అన్నీ ఒకే పెట్టెలో. రాయలసీమలోని సదుం చుట్టూ ఉన్న కొండలకో, హార్స్‌లీ హిల్స్‌కో పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వీటిలో ఏవి ఎంచుకోవాలి? ఆ వస్తువు చెప్పేది నిజమో కాదో పిల్లలు మన నేలమీదే సరిచూసుకోగలగాలి. నేను చూసేది ముందుగా అదే. చలిదేశాల పుస్తకాలు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడని నేర్పుతాయి. సదుం 13 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్యదాకా ఇక్కడ సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. సరిగ్గా సెలవుల్లోనే ఆ సూత్రం తప్పుతుంది. ధ్రువనక్షత్రం లండన్‌లో 51 డిగ్రీల ఎత్తున కనిపిస్తే, ఇక్కడ 13, 14 డిగ్రీలే. ఉత్తరాన ఒక గుట్ట ఉంటే చాలు, మరుగున పడుతుంది. దిక్సూచి ముల్లు మాత్రం ఈ ప్రాంతంలో అసలు ఉత్తరానికి ఒకటి రెండు డిగ్రీల తేడాతోనే నిలుస్తుంది. అందుకే నేనైతే దిక్సూచికి తోడు ఒక నిటారు కట్టె చాలంటాను. కట్టె నాటి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు గీత గీసి, ముల్లుతో పోల్చి చూస్తే, పుస్తకం ఎక్కడ తప్పిందో పదేళ్ల పిల్లకే తెలిసిపోతుంది.

మేకలు తోలుకుని కొండెక్కే ఊరి పిల్లలకు ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. నిజమే, పెద్దల వెంట నడిచి నేర్చుకున్న విద్య ముందు ఏ పెట్టె అయినా చిన్నదే. కానీ మదనపల్లె, పుంగనూరు వీధుల్లో స్కూలు బస్సెక్కి పెరిగే పిల్లలకు ఆ నడక దొరకడం లేదు. వాళ్లకు విజిల్ కావాలి. దారి తప్పితే ఉన్నచోటే ఉండి, మూడేసి సార్లు ఊదాలన్న అలవాటు దానితోపాటే రావాలి. కత్తీ నిప్పూ లేకపోతే పిల్లలకు సరదా ఏముందన్నది ఇంకో మాట. 1907లో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పిల్లల్ని చేర్చి నడిపిన శిబిరంలో తాడుతో ముడులు వేయడం, అడుగుజాడలు పట్టడం ఆటలుగానే సాగాయి. ఒక్క తాడుతో పూట గడిచిపోతుంది. నిప్పు కడ్డీ మాత్రం మే నెలలో ఎండిన బోదగడ్డి మధ్య పిల్లల చేతికి ఇవ్వకూడదు.

కొన్ని పెట్టెల్లో పాముకాటు విషం పీల్చే గొట్టం కూడా ఉంటుంది. దాన్ని కొనకండి. కాటును కోయడం, పీల్చడం హానికరమని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి. ఆ డబ్బు మంచి టార్చికి పెట్టండి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే.