బాంబు పడిందా, వేశారా?

ఏటా ఆగస్టులో హిరోషిమా మీద తెలుగులో కవితలు వెలువడుతూనే ఉంటాయి. వాటిలోని ఆవేదనను శంకించనక్కరలేదు. అయితే వస్తువును గ్రహించడంలో ఒక బలహీనత వాటిలో తరచు కనిపిస్తుంది. బాంబు "పడింది" అంటారు. ఎవరు, ఏ ఆలోచనతో వేశారో చెప్పరు. పైకి వ్యాకరణ విషయంలా కనిపించినా ఇందులో ఉన్నది దృక్పథ లోపం.

కృష్ణా డెల్టా రచయితకు విపత్తు అనగానే ఉప్పెన గుర్తుకు రావడం సహజం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. రక్షణ ఏర్పాట్ల గురించి పాలకులను నిలదీయవచ్చు గాని, సముద్రాన్ని నిలదీయలేం. అణుబాంబును కూడా ఉప్పెన భాషలోనే వర్ణిస్తే, అది అవసరమా కాదా అనే ప్రశ్నకు చోటే ఉండదు.

"వేశారు" అన్నామంటే చరిత్రలోకి వెళ్ళక తప్పదు. 1945 మే నెలలో అమెరికా సైనికాధికారులు, శాస్త్రజ్ఞులు కూర్చుని నగరాల జాబితా తయారుచేశారు. అందులోంచి క్యోటోను యుద్ధశాఖ మంత్రి స్టిమ్సన్ తీసివేయించాడు. ఆగస్టు 9న కోకురా మీద వేయడానికి బయలుదేరిన విమానం, లక్ష్యం కనపడక నాగసాకికి మళ్ళింది. చెప్పాపెట్టకుండా ప్రయోగించవద్దని, ముందు నిర్జన ప్రదేశంలో దాని శక్తిని చూపమని జేమ్స్ ఫ్రాంక్ తదితర శాస్త్రజ్ఞులు జూన్‌లోనే కోరారు. అంటే మరో మార్గం గురించి ఆనాడే ఆలోచన జరిగింది.

అవసరమేనన్న వాదానికి స్టిమ్సన్ 1947లో ఒక వ్యాసంలో స్థిరరూపం ఇచ్చాడు. జపాన్ మీద దండెత్తవలసివస్తే ఒక్క అమెరికా పక్షానే పదిలక్షలకు పైగా సైనికులు హతులో క్షతగాత్రులో అయ్యేవారన్నది దాని సారం. కాని ఆ దండయాత్రకు నిర్ణయించిన తేదీ నవంబరు 1. మధ్య దాదాపు మూడు నెలల వ్యవధి ఉంది. అణుబాంబు లేకపోయినా, సోవియట్ యూనియన్ యుద్ధంలోకి దిగకపోయినా ఆ ఏడాది ముగిసేలోగా జపాన్ లొంగిపోయేదని అమెరికా ప్రభుత్వ సర్వేయే 1946లో తేల్చింది. ఇది సోవియట్ యూనియన్‌తో దౌత్యయుద్ధానికి నాంది అని 1948లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు బ్లాకెట్ వాదించాడు. జపాన్ లొంగుబాటుకు బాంబు కన్నా సోవియట్ ప్రవేశమే ముఖ్య కారణమని 2005లో చరిత్రకారుడు హసెగావా ప్రతిపాదించాడు.

అలాగని జపాన్‌ను కేవలం బాధిత దేశంగా చిత్రించడమూ సరికాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది జపానే. బర్మా-సయాం రైలుమార్గం పనిలో మలయా తోటల నుంచి తరలించిన దక్షిణ భారత కూలీలు వేలాదిగా చనిపోయారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది ఫాసిజం మీద పోరు సాగుతున్న రోజుల్లోనే. నాగసాకి వార్త తెలిశాక కూడా జపాన్ యుద్ధ మండలిలోని ఆరుగురిలో ముగ్గురు మరిన్ని షరతులకు పట్టుబట్టారు. బాంబును సమర్థించేవారి చేతిలో ఇవి బలమైన వాస్తవాలు. వీటిని దాచిన కవిత వారి ముందు నిలవదు.

అయినా ఫాసిస్టు పాలకుల నేరానికి బడిపిల్లలు, రోగులు, బలవంతాన తెచ్చిన కొరియా కార్మికులు కాలిపోవడాన్ని న్యాయమనలేం. యుద్ధం ముగించడానికి అవసరమా, యుద్ధానంతర ప్రపంచంలో పైచేయికి అవసరమా అన్నది తేలకుండా ఆ మాటను అంగీకరించరాదు.

కనుక ఈ వస్తువును చేపట్టే యువ రచయితలు పుట్టగొడుగు ఆకారపు పొగమేఘం దగ్గర ఆగిపోకుండా, నగరాల జాబితా తయారైన గది దాకా వెళ్ళాలి. అందుకు చరిత్ర చదవాలి. నేడు అణ్వాయుధాలున్న దేశాలు తొమ్మిది. 1974, 1998 పోఖ్రాన్ పరీక్షలు జరిపిన మన దేశం వాటిలో ఒకటి. "అవసరం" అన్న మాట రేపు మన భాషలోనే, మన పత్రికల్లోనే వినిపించవచ్చు. ఎవరికి అవసరం, దేనికి అవసరం అని అడగడం పాఠకుడికి ఇప్పటినుంచే అలవాటు చేయవలసిన బాధ్యత రచయితలది.