చంద్రభక్ష్యములు, మన యట్లతద్ది

చీనావారు తమ ఎనిమిదవ చాంద్రమాసపు పున్నమినాడు చంద్రభక్ష్యములు పంచుకొందురు. గోధుమపిండి పొరలో తామరగింజల ముద్ద నుంచి, చెక్కిన కొయ్య అచ్చులలో ఒత్తి కాల్చిన గుండ్రని పిండివంట అది. కొన్నింటి నడుమ ఉప్పులో ఊరిన బాతుగ్రుడ్డు పచ్చసొన యుండును. కోయగానే పున్నమిచంద్రుడు బయటపడును. ముక్కలు చేసి ఇంటిల్లిపాదియు తినవలెను. ఆ గుండ్రదనమే వారికి కుటుంబ సమాగమమునకు గుర్తు. మంగోలులపై తిరుగుబాటుకు గూఢలేఖలు ఈ భక్ష్యములలో దాచి పంపిరనియు, అందుచేతనే 1368లో యువాన్ వంశము కూలెననియు ఒక కథ కలదు. ఆ కాలపు చరిత్రలో దానికి ఆధారము కానరాదు; అయినను ఏటేట చెప్పుకొనుచునే యున్నారు.

మన చంద్రపురమున దీనికి దగ్గర చుట్టములు లేకపోలేదు. ఆశ్వయుజ పున్నమినాడు పొరుగు మరాఠీవారు కోజాగిరి జరిపి, ఏలకులు, కుంకుమపువ్వు వేసి కాచిన పాలను వెన్నెలలో నుంచి త్రాగుదురు. మనవారికి పిలుపు తప్పదు. అటుపిమ్మట మూడవనాడు, బహుళ తదియనాడు, మన యట్లతద్ది. ఇది కోస్తా జిల్లాల కుటుంబములు వెంటతెచ్చుకొన్న నోము. బొగ్గుగనులను నమ్ముకొని కాజీపేట-బల్లార్షా దారిని వచ్చిన తెలంగాణపు కుటుంబములకు బతుకమ్మయే పెద్ద పండుగ. దానికి మా వకాల్తా అక్కరలేదు. మా బెంగ అట్లతద్దిని గూర్చియే.

ముందునాటి రాత్రి గోరింటాకు, తెల్లవారుజామున చద్దియన్నము, గోంగూర పచ్చడి, పెరుగు, ఆపై ఊయల, పగలంతయు ఉపవాసము, సాయంకాలము గౌరీపూజ, ముత్తైదువకు అట్ల వాయనము, చంద్రదర్శనము, అటుపిమ్మట భోజనము. ఇందులో ప్రాణ మెచ్చట నున్నది? అట్టులో కాదని మా యభిప్రాయము. బియ్యము, మినుములు రుబ్బి పోసిన అట్టు ఏ ఉదయమైనను దొరకును. పున్నమిచంద్రుడు ప్రొద్దు గ్రుంకుచుండగనే వచ్చును. చీనావారు వేచియుండ పనిలేదు. తదియచంద్రుడు చీకటిపడిన చాలసేపటికి గాని రాడు. ఆకలిగొన్న ఆడపిల్లలు డాబాపై నిలిచి తూర్పుదిక్కు చూచు ఆ ఘడియలే నోము.

నోముకథయు ఇదే చెప్పును. ఉపవాసమున సొమ్మసిల్లిన చెల్లెలిని చూడలేక అన్నలు చెట్టునకు అద్దము కట్టి, మంట వెలిగించి, అదిగో చంద్రుడనిరి. ఆమె నమ్మి భుజించెను, నోము చెడెను, ముసలి సంబంధములే వచ్చెను. అన్నలది ప్రేమయే, కాదనము. అదియే ఆ కథలోని చిక్కు.

నేడు మన సభలలో కనబడుచున్నది ఆ యద్దపు చంద్రుడే కదా! హాలు తాళము వేయువేళకు ముగియవలెనని ఆరుగంటలకే వాయనములు, ఏడింటికి ఫలాహారము. బాలికలపై కనికరముతోనే యిట్లు చేయుచున్నాము. అట్లు పదకొండుకు ఒకటి తగ్గదు. లెక్క సరిగానే యున్నది, చంద్రుడే లేడు. ఆడంబరము మనకొక్కరికే పట్టినది కాదు. చీనాలో భక్ష్యముకన్న పెట్టె పెద్దదై, చంద్రభక్ష్యములకు మూడు పొరలకు మించి చుట్టరాదని 2022లో ప్రభుత్వమే నియమము చేయవలసివచ్చెను.

ఈయేడు పాటలు, ప్రసంగములు సభలోనే సాగనిండు. వాయనములు మాత్రము ఇండ్లకు వదలి, డాబాలపై, చంద్రుడు వచ్చినపుడే ఇప్పింతము. ఉపవాస ముండలేని పిల్లకు నడుమ పాలిచ్చినను దోషము లేదు. చంద్రుడు వచ్చెనని మాత్రము చెప్పవలదు. పొరుగు మరాఠీ పిల్లలను కూడ పిలువవలెను. కోజాగిరి పాలకు అట్లు బదులు తీర్చినట్లగును.